లీవులు మురిగిపోతున్నాయా? చలికాలాన్ని చేతులారా ఆస్వాదిద్దాం రండి!

డిసెంబర్ వచ్చిందంటే ఐటీ కారిడార్‌లో రెండు మెయిల్స్ ఖాయం. ఒకటి హెచ్‌ఆర్ నుంచి: 'నెలాఖరులోగా వాడుకోని సెలవులు రద్దవుతాయి' అని. రెండోది మేనేజర్ నుంచి: 'క్లయింట్లు క్రిస్మస్ సెలవుల్లో ఉంటారు, కొత్త రిలీజులేమీ లేవు' అని. ఏడాదంతా సెలవు అడగాలంటేనే మొహమాటపడిన వాళ్లకు ఒక్కసారిగా నాలుగైదు రోజులు చేతికొస్తాయి. తీరా వచ్చాక ఏం చేస్తాం? దుప్పటి ముసుగేసుకుని, ఫోన్ పట్టుకుని, రీల్స్‌లో స్విట్జర్లాండ్ మంచు చూస్తాం!

ఆ రీల్స్ అన్నీ ఇంచుమించు ఒకలాగే ఉంటాయి. చెక్క ఇల్లు, కిటికీ అవతల మంచు, ఇవతల ఫైర్‌ప్లేస్, ఊలు సాక్సులు, చేతిలో పొగలు కక్కే కప్పు. డెన్మార్క్ వాళ్లు ఇలాంటి హాయికి 'హ్యూగె' అని పేరు కూడా పెట్టుకున్నారు. బాగుంటుంది, కాదనం. కానీ ప్రగతి నగర్‌లో మూడో అంతస్తు డబుల్ బెడ్‌రూమ్‌లో ఉండేవాళ్లకి ఫైర్‌ప్లేస్ ఎక్కడిది? అది లేదని చలికాలాన్ని వదిలేసుకోవాలా? అక్కర్లేదు. మన చలికీ దాని సొంత ఆటలు, పనులు, ప్రయాణాలు, పిండివంటలు ఉన్నాయి. ఎక్కడెక్కడ ఉన్నాయో ఓసారి చూసేద్దాం.

ఇంత చలి ఎక్కడి నుంచి వస్తోంది?

హైదరాబాద్ దక్కన్ పీఠభూమి మీద, సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. సముద్రం దగ్గర్లో లేదు. చలికాలంలో ఆకాశం నిర్మలంగా, గాలి పొడిగా ఉంటుంది. మబ్బులుంటే అవి దుప్పటిలా పనిచేసి నేల వేడిని పట్టి ఉంచుతాయి. అవి లేకపోయేసరికి పగలంతా కాగిన నేల రాత్రి ఆ వేడిని చకచకా వదిలేస్తుంది. దానికి ఉత్తరాది గాలులు తోడైతే తెల్లారేసరికి వణుకే. నగరంలో ఇప్పటిదాకా నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు. అది 1946 జనవరి 8 నాటి మాట.

మధ్యాహ్నానికి మళ్లీ మంచి ఎండ కాస్తుంది. మన చలికాలం గొప్పతనమంతా అక్కడే ఉంది. పొద్దున స్వెట్టర్, మధ్యాహ్నం టీషర్టు. మంచుదేశాల వాళ్లు చలికి ఇంట్లోకి దూరతారు. మనకేమో ఏడాదిలో హాయిగా బయట తిరగగలిగేదే ఈ కాస్త కాలం! ఏప్రిల్‌లో చెరువు గట్టున కూర్చుని బొమ్మ వేయమంటే ఎవరి తరమవుతుంది చెప్పండి?

పది కిలోమీటర్లలోనే విదేశీ అతిథులు

మొదటి అడుగుకు పెట్రోల్ ఖర్చు కూడా పెద్దగా ఉండదు. ఉదయం ఆరున్నరకల్లా ప్రగతి నగర్ చెరువు వైపు నడవండి. నీళ్ల మీద పొగమంచు, దాని వెనక అపార్ట్‌మెంట్ల నీడలు... ఫోన్ కెమెరాకు ఇంతకన్నా మంచి వెలుతురు దొరకదు. ఫిల్టర్లు అవసరం లేదు. సూర్యుడికి ఎదురుగా నిలబడి, చెట్టునో మనిషినో అడ్డుగా పెట్టి తీస్తే చాలు.

ఇంకాస్త దూరం వెళ్లగలిగితే మియాపూర్ దాటాక అమీన్‌పూర్ చెరువుంది. కుతుబ్‌షాహీల కాలం నాటిది. 2016లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. నగరం అంచున ఉన్న ఓ చెరువుకు దేశంలో ఈ గుర్తింపు దక్కడం అదే మొదటిసారి. చలికాలంలో ఉత్తరాది నుంచి, హిమాలయాల అవతలి నుంచి బాతులు ఇటువైపు చెరువులకు వలస వస్తాయి. తోక సూదిలా ఉంటే పిన్‌టెయిల్, ముక్కు గరిటెలా వెడల్పుగా ఉంటే షావెలర్. ఈ రెండు గుర్తులు పెట్టుకుని వెళ్లండి చాలు, మొదటిరోజే 'నేనూ పక్షుల్ని గుర్తుపట్టా' అన్న సంబరం మీ సొంతం.

ఒక చిన్న నోట్‌బుక్ వెంట ఉంచుకోండి. తేదీ, టైమ్, ఏ పక్షి, ఎన్ని... నాలుగు ముక్కలు రాసుకోండి. బొమ్మ వంకరగా వచ్చినా ఫరవాలేదు. ఫొటో తీస్తే పక్షిని చూసినట్టే, కానీ బొమ్మ గీయాలంటే మాత్రం దాన్ని నిజంగా చూడాలి. రెండింటికీ చాలా తేడా ఉంది.

37 చుక్కలతో మొదలెట్టండి

డిసెంబర్ మధ్యలో ధనుర్మాసం మొదలవుతుంది. అప్పటి నుంచి సంక్రాంతి దాకా నెలరోజులూ ముగ్గులదే రాజ్యం. పల్లెల్లో వాకిలంత ముగ్గు. ఇక్కడ అపార్ట్‌మెంట్లో మనకు దక్కేది తలుపు ముందు రెండు టైల్స్! అయినా సరే, సరిపోతుంది.

ముగ్గులు చూసి నేర్చుకునేవాళ్లు 'సందు చుక్క' అనే మాట వినే ఉంటారు. కింది వరుసలో రెండు చుక్కల మధ్య సందులో పై వరుస చుక్క పెట్టడమన్నమాట. '7 చుక్కలు, సందు చుక్క 4 దాకా' అంటే మధ్య వరుసలో 7, దానికి పైనా కిందా 6, 5, 4 చొప్పున పెట్టాలి. మొత్తం 37 చుక్కలు. చక్కటి షడ్భుజి తయారవుతుంది. ఇది చేయి తిరిగాక '15 చుక్కలు, సందు చుక్క 8 దాకా' వేయండి. అప్పుడు చుక్కలు 169. రోజూ లూపులు, ఎరేలతో కుస్తీ పట్టేవాళ్లకు ఇందులో అర్థం కానిదేముంది? మన అమ్మమ్మలు ఏ ఎక్సెల్ షీటూ లేకుండా ఈ లెక్కలన్నీ వేళ్ల చివర పెట్టుకున్నారు.

ముగ్గు అమ్మాయిల పని అనుకునే అబ్బాయిలకు ఒక మాట. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి ఒకే ధారగా జారాలంటే చేయి కుదురుగా ఉండాలి, మనసు దాని మీదే ఉండాలి. ఒక్క పది నిమిషాలు ఫోన్ ముట్టుకోకుండా ఉండటానికి ఇంతకన్నా చవకైన ఉపాయం ఉందా? బియ్యప్పిండితో వేస్తే చీమలకూ పిచ్చుకలకూ విందు.

చింతగింజ పట్టించిన వెచ్చదనం

ఆన్‌లైన్‌లో 'వింటర్ బ్లాంకెట్' అని వెతికితే మెత్తటి పాలిస్టర్ దుప్పట్లు వందల్లో కనిపిస్తాయి. మన దగ్గర పుట్టిన చలిదుప్పటి మాత్రం అంత తేలిగ్గా కనిపించదు. అదే గొంగడి.

దక్కన్ జాతి నల్ల గొర్రెల ఉన్నితో గొంగడి నేస్తారు. కురుమల ఇళ్లలో గొర్రెల ఉన్ని కత్తిరించి, ఏకి, వడికి, గుంట మగ్గం మీద నేసేవారు. తర్వాత చింతగింజల గంజి పట్టిస్తారు. దాంతో అది బిరుసెక్కి, చినుకులకు అంత తొందరగా తడవకుండా ఉంటుంది. రంగు కూడా అద్దరు, ఆ నలుపు గొర్రెదే. మంద వెంట వానలో, చలిలో తిరిగే కాపరికి అదే రెయిన్‌కోటు, అదే పరుపు, అదే గుడారం. 'గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకున్నట్టు' అనే సామెత మన నోళ్లలో ఇంకా ఉంది గానీ, ఆ గొంగడిని ముట్టుకుని చూసినవాళ్లు మనలో ఎంతమంది?

ఇది కనుమరుగు కావడానికి కారణాలు చాలానే ఉన్నాయి. మాంసానికి గిరాకీ పెరగడంతో ఉన్ని తక్కువగా ఉండే నెల్లూరు జాతి గొర్రెల వైపు పెంపకందారులు మళ్లారు. చవకైన మిల్లు దుప్పట్లు వచ్చిపడ్డాయి. గొంగడి కొనేవాళ్లు తగ్గితే నేసేవాళ్లు తగ్గారు, నేసేవాళ్లు తగ్గితే ఉన్నికి విలువ పోయింది. గొర్రె, ఉన్ని, మగ్గం, కొనుగోలుదారు... ఈ గొలుసులో మనం కలపగలిగింది చివరి లింకు ఒక్కటే. పాతరకం గొంగడి గరుకుగా ఉంటుంది, ఒంటికి నేరుగా కప్పుకుంటే గుచ్చుకుంటుంది. పలచటి కాటన్ దుప్పటి కప్పుకుని దానిపైన వేసుకుంటే సరి. లేదంటే నేల మీద పరిచి, టీ కప్పుతో, పుస్తకంతో దాని మీద కూర్చోండి. మన 'హ్యూగె' సిద్ధం!

చింతగింజ ఒక్క గొంగడికే కాదండోయ్, సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ బొమ్మలకూ ఆధారం. బట్టకు చింతగింజల జిగురు, తెల్లసుద్ద పట్టించి ఆరబెట్టి, ఎర్రటి నేపథ్యం మీద కథంతా బొమ్మలుగా వేస్తారు. కథ చెప్పేవాళ్లు ఆ పటాన్ని కొద్దికొద్దిగా విప్పుతూ ఊరికి కథ వినిపించేవారు. ఇప్పుడు మనం స్క్రీన్ జరుపుతూ చూసే కథలకు అది తాత అనుకోవచ్చు. కొబ్బరిచిప్పల మీద చేసే చేర్యాల మాస్కులు చిన్నవి, ముద్దొస్తాయి. న్యూ ఇయర్‌కి ఆఫీసులో 'సీక్రెట్ శాంటా' గిఫ్టుగా మరో కాఫీ మగ్గు కొనేకన్నా ఇవి నయం కదూ!

మెట్రో ఎక్కితే మేళాలే మేళాలు

హస్తకళలు చూడాలంటే ఊళ్లు పట్టుకు తిరగలేని వాళ్లకు శిల్పారామం ఉండనే ఉంది. మాదాపూర్‌లో 1992లో మొదలైంది, అంటే చుట్టూ ఈ అద్దాల మేడలు రాకముందే అన్నమాట. ఏటా డిసెంబర్‌లో ఇక్కడ అఖిల భారత హస్తకళల మేళా జరుగుతుంది. శనివారం సాయంత్రం ట్రాఫిక్‌లో ఇరుక్కునే బదులు మామూలు రోజు మధ్యాహ్నం వెళ్లండి. రద్దీ లేనప్పుడు కళాకారులతో తీరిగ్గా మాట్లాడొచ్చు. 'ఎంతకిస్తావు' అనే ముందు 'ఇది ఎలా చేస్తారు' అని అడిగి చూడండి. వాళ్ల మొహం వెలిగిపోతుంది, మీకూ ఆ వస్తువు విలువ తెలుస్తుంది.

డిసెంబర్‌లోనే హైదరాబాద్ బుక్ ఫెయిర్. మామూలుగా ఎన్టీఆర్ స్టేడియంలో జరుగుతుంది. తెలుగు పుస్తకం చదివి ఏళ్లయిందా? అయితే లావుపాటి నవలతో మొదలెట్టొద్దు. సన్నటి కథల సంపుటి ఒకటి తీసుకోండి. రోజుకో కథ, నిద్రకు ముందు. జనవరికల్లా అయిపోతుంది.

ఇక జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లిలో నుమాయిష్. 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా మొదలుపెట్టిన ప్రదర్శన ఇది. ఇప్పుడు కశ్మీర్ శాలువాల నుంచి జెయింట్ వీల్ దాకా అన్నీ ఉంటాయి. ప్రగతి నగర్ వాళ్లకు దారి చాలా సులువు. జేఎన్‌టీయూ కాలేజీ స్టేషన్‌లో మెట్రో ఎక్కితే రైలు మారకుండానే నాంపల్లిలోనో గాంధీభవన్‌లోనో దిగొచ్చు. పార్కింగ్ కోసం తిరిగే పని తప్పుతుంది. చేతిలో మిర్చి బజ్జీ పొట్లంతో, చలిలో, ఆ లైట్ల కింద నడవడం... అదో సరదా.

వెచ్చవెచ్చని ప్రయాణాలు

ఒక్కరోజే ఉందా? వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలు. హైదరాబాద్ నుంచి దాదాపు 80 కిలోమీటర్లు. కారు లేకపోయినా లింగంపల్లిలో రైలెక్కి వికారాబాద్ జంక్షన్‌లో దిగొచ్చు. అనంత పద్మనాభస్వామి గుడి, చుట్టూ అడవి, పొద్దున్నే కొండల మధ్య మంచు. మన నగరం మధ్యలో ముక్కు మూసుకుని దాటే మూసీ నది పుట్టేది ఈ కొండల్లోనే. ఇక్కడ తేటగా కనిపించే ఆ నీళ్లను చూస్తే, కింద దాన్ని మనమేం చేశామో ఎవరూ చెప్పనక్కర్లేదు. దగ్గర్లోని కోటిపల్లి జలాశయంలో కయాకింగ్ కూడా చేయొచ్చు. ఈత వచ్చినా సరే, లైఫ్‌జాకెట్ లేకుండా మాత్రం నీళ్లలోకి దిగొద్దు.

మూడురోజులు దొరికాయా? 'ఆంధ్రా కశ్మీర్' లంబసింగికి వెళ్లండి. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంటుంది. దీనికే కొర్రబయలు అని ఇంకో పేరు. రాత్రి ఆరుబయట పడుకుంటే తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతారని ఆ పేరొచ్చిందంటారు. విశాఖ వైపు వెళ్లే రాత్రి రైలెక్కి, దిగాక నర్సీపట్నం మీదుగా వెళ్లాలి. సూర్యుడు రాకముందే చెరువులవేనం చేరితే కాళ్ల కింద మేఘాల సముద్రం కనిపిస్తుంది. దారి పొడవునా పెద్ద చెట్ల నీడన కాఫీ తోటలు, ఆ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు. కాఫీ పళ్లు ఎర్రగా పండి కోతకొచ్చేదీ ఈ కాలంలోనే. ఈ కొండల్లో గిరిజన రైతులు పండించే అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. రిటర్న్ గిఫ్టుగా ఓ పావుకిలో పొడి తెచ్చుకోండి. తెచ్చుకోకూడనిదీ, అక్కడ వదలకూడనిదీ ఒకటుంది: ప్లాస్టిక్ చెత్త. మనకది వీకెండ్ స్పాట్ కావచ్చు, అక్కడివాళ్లకు అది ఇల్లు. అడగకుండా వాళ్ల ఫొటోలూ తీయొద్దు.

ఉత్తరం వైపు వెళ్దామంటే ఆదిలాబాద్. తెలంగాణలో చలికి రాజధాని ఇదే. రాత్రి ఉష్ణోగ్రతలు సింగిల్ డిజిట్‌కు పడిపోవడం ఇక్కడ మామూలే. కుంటాల జలపాతం, కవ్వాల్ అడవులు చూడొచ్చు. పుష్య అమావాస్యకు ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరుగుతుంది. మెస్రం వంశ గోండులు కాలినడకన వెళ్లి గోదావరి జలం తెచ్చి నాగోబాకు అభిషేకం చేస్తారు. ఓజ్ కళాకారులు మైనపు అచ్చులతో పోసే డోక్రా ఇత్తడి బొమ్మలు ఈ ప్రాంతానివే. మైనం కరిగిపోయాక ఆ ఖాళీలోకి లోహం పోస్తారు, అచ్చు పగలగొట్టి బొమ్మ బయటికి తీస్తారు. అందుకే ఏ రెండు బొమ్మలూ అచ్చంగా ఒకేలా ఉండవు.

ఊరెళ్లలేని వాళ్ల సంగతేంటి?

సంక్రాంతికి రెండు రోజుల ముందు ప్రగతి నగర్ చూస్తే జాలేస్తుంది. విజయవాడ హైవే మీద టోల్‌గేట్ల దగ్గర బారులు తీరిన కార్లు, ఇక్కడేమో ఖాళీ పార్కింగులు. టిఫిన్ సెంటర్లకు తాళాలు. హాస్టల్లో ఒకరో ఇద్దరో మిగులుతారు. సపోర్ట్ షిఫ్టు ఉన్నవాళ్లు, టికెట్ దొరకనివాళ్లు, కొత్తగా చేరి సెలవు అడగలేనివాళ్లు, అడిగినా దొరకనివాళ్లు. వాట్సాప్ నిండా ఊరి ఫొటోలు. పండగపూట ఒంటరితనం మామూలు రోజుల కన్నా ఎక్కువగా గుచ్చుకుంటుంది. చలికాలపు హాయి గురించి మాట్లాడుతూ ఈ మాట దాటేస్తే అన్యాయమే.

దీనికో మార్గముంది. కాకపోతే కాస్త మొహమాటం చంపుకోవాలి. మన అపార్ట్‌మెంట్లలో ఓ వరం ఉంది. ఎడమవైపు ఫ్లాట్ కరీంనగర్ వాళ్లదైతే, కుడివైపుది భీమవరం వాళ్లది. అక్కడ సకినాలు, ఇక్కడ అరిసెలు. రెండూ ఒక్క మనిషి చేసుకునే వంటలు కావు. సకినాలకు నానబెట్టిన బియ్యం పిండి పట్టించి, నువ్వులు, వాము కలిపి, తడిపిండిని వేళ్ల మధ్య మెలితిప్పుతూ బట్ట మీద చుట్లు చుట్టాలి. కాస్త ఆరాక నూనెలో వేయాలి. నలుగురు చుట్టూ కూర్చుని చుడితేనే పని తెమిలేది. అరిసెలకైతే ఒకరు పాకం చూడాలి, ఒకరు పిండి పోస్తూ ఉండాలి, ఇంకొకరు కలపాలి. పాకం ఓ నిమిషం ముదిరిందా, పళ్లకు పనే!

కాబట్టి పక్కింటి పిన్ని పిండి తడుపుతుంటే 'పిన్నీ, నేనూ రానా? నాకూ నేర్పిస్తారా?' అని అడగండి. కాదనేవాళ్లు ఉండరు. మొదటి సకినం మెలిక తెగిపోతుంది, నవ్వుతారు. నవ్వనివ్వండి. మూడోది కుదురుతుంది. నాలుగేళ్లుగా లిఫ్టులో చూసుకుంటున్నా పేరు తెలియని మనిషితో ఆ పూట మాటలు కలుస్తాయి. అటువైపు నుంచి కూడా ఒక అడుగు పడాలి. పెద్దవాళ్లూ, మీ పై అంతస్తులో ఊరెళ్లని కుర్రాళ్లు ఉన్నారేమో భోగినాడు ఓసారి తలుపు తట్టి చూడండి. ఓ ప్లేటు పులిహోర చాలు, పండగ వచ్చినట్టే.

ఈ నాలుగూ మరవొద్దు

* చలి ఎక్కువగా ఉందని తలుపులన్నీ బిగించి గదిలో బొగ్గుల కుంపటి పెట్టొద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.
* భోగిమంటల్లో కట్టెలు, పిడకలే వేయండి. టైర్లు, ప్లాస్టిక్ వద్దు. చలికాలపు తెల్లవారుజామున నేల దగ్గర చల్లటి గాలి, దానిపైన వెచ్చటి గాలి మూతలా నిలుస్తుంది. పొగ పైకి పోలేక మన ముక్కుల దగ్గరే తిరుగుతుంది. ఆస్తమా ఉన్నవాళ్లకు ఆ ఉదయం నరకమే.
* గాలిపటానికి నూలు దారమే వాడండి. నైలాన్, గాజుపొడి మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. అది పక్షుల రెక్కల్నీ, బైక్ మీద వెళ్లేవాళ్ల గొంతుల్నీ కోస్తుంది.
* పొగమంచులో బండి నడిపేటప్పుడు హెడ్‌లైట్ లో బీమ్‌లో పెట్టండి. హై బీమ్ పెడితే వెలుగు మంచుకు తగిలి తిరిగి మన కళ్లలోనే పడుతుంది.

పుష్యమాసంలో పొద్దు పూసగుచ్చినంత సేపే ఉంటుందనీ, శివరాత్రికి చలి 'శివశివా' అంటూ వెళ్లిపోతుందనీ పెద్దల మాట. లెక్కేసుకుంటే మన చేతిలో ఉన్నవి పట్టుమని పది శనివారాలు. అన్నీ చేయాలని టార్గెట్లు పెట్టుకోవద్దు, ఆఫీసులో ఉన్నవి చాలు. ఒక ముగ్గో, ఒక కొండో, ఒక సకినమో... ఒక్కటి ఎంచుకోండి. ఫొటో తీయడం మర్చిపోయినా ఫరవాలేదు.